ఉండవల్లి గుహల్లో మా వియ్యంకుడుగారు

మా వియ్యంకుడుగారిది కంకిపాడు, వ్యవసాయం. పోయినసారి వచ్చినప్పుడు “మీ బెజవాడలో ఎండా ట్రాఫిక్కూ తప్ప చూడ్డానికేముందండీ?” అన్నారు. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. కానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. ఈ రోజు ఆయన మళ్ళీ రాగానే బ్యారేజీ దాటించి ఉండవల్లి గుహలకు తీసుకెళ్ళాను. చెప్పాల్సినవన్నీ ముందే చదివి పెట్టుకున్నాను.

పై అంతస్తులో పడుకుని ఉన్న అనంతపద్మనాభస్వామి ముందు నిలబడి, కొండను తొలిచి ఆ విగ్రహాన్ని ఎలా చెక్కారో చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి చూస్తే పక్కన ఆయన లేరు. బయట వసారా అంచున నిలబడి, కింద పచ్చగా పరుచుకున్న పొలాలు చూస్తున్నారు.

“బావగారూ, ఆ మూల మడిలో నీళ్ళు నిలిచిపోయాయి చూశారా? గట్టు కాస్త కొట్టి వదిలెయ్యాలండీ.”

“పొలాలు మీ కంకిపాడులో లేవా బావగారూ? స్వామి లోపలున్నాడండీ!” అన్నాను, కాస్త ఉక్రోషంగానే.

ఆయన నవ్వి, వసారాలో వరసగా కూర్చున్న రాతి రుషులను చూపించారు. “వీళ్ళు ఎన్ని వందల ఏళ్ళ నుంచి ఇక్కడున్నారో మీకే తెలియాలి. వీళ్ళు మాత్రం స్వామి వైపు తిరిగారా? పొలం వైపేగా చూస్తున్నారు!”

నేనూ ఆ రుషుల పక్కన నిలబడి చూశాను. నిజమే, మూల మడిలో నీళ్ళు నిలిచాయి.

దిగేటప్పుడు “బాగుంది బావగారూ” అన్నారు. బాగుందన్నది గుహలనో, పొలాలనో నేను అడగలేదు. అక్కడికి వెళ్ళినవాళ్ళు నిజం చెప్పండి, మీరు ముందు ఎటు చూశారు?