నా నేస్తం గుట్టు నేను చెప్పిన రోజు

నెలకోసారి నేను కొండ దిగువన ఉన్న ఆశ్రమ పాఠశాలకి వెళ్లి పెద్ద క్లాసుల ఆడపిల్లలకి ఐరన్ మాత్రలు ఇస్తాను. ఊళ్లలో టీకాలు వేసే నర్సుని కాబట్టి అది నా డ్యూటీలో భాగం. మాత్రలు పంచాక ఓ అరగంట వాళ్లతో మాట్లాడాలి. ఆ వయసులో ఎలా మసలుకోవాలో, మంచీ చెడూ ఎలా చూసుకోవాలో చెప్పమని ఆఫీసువాళ్లు ఒక కాగితం ఇచ్చారు. అందులో ఉన్నవన్నీ మంచి మాటలే. చదివితే పిల్లలు తలలూపుతారు. పదో తరగతిలో నేనూ అలాగే తలూపాను. తీరా ఆ ఏడాదే ఒక పెద్ద విషయం నా మీద పడినప్పుడు, అందులో ఒక్క మాటా గుర్తురాలేదు.

మాది డుంబ్రిగుడ దాటాక బస్సు దిగి రెండు గంటలు కొండెక్కితే వచ్చే ఊరు. ముప్పై గడప కూడా ఉండదు. ఇళ్లలో మా కువి భాషే మాట్లాడతాం. మా వెనకింట్లో నా ఈడు పిల్ల ఒకతి ఉండేది. మాకు ఆరేళ్లప్పుడు మా అమ్మలు మా ఇద్దరికీ నేస్తం కట్టారు. మా దగ్గర అదొక చుట్టరికం లాంటిది. ఒకసారి కట్టుకున్నాక ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, చచ్చేదాకా ‘నేస్తం’ అనే పిలుచుకోవాలి. మూడో తరగతిలో ఇద్దర్నీ ఒకే ఆశ్రమ పాఠశాలలో వేశారు. ఒకటే ట్రంకు పెట్టె, ఒకటే దువ్వెన. హాస్టల్లో మిగతా పిల్లలంతా తెలుగో, ఆదివాసీ ఒడియానో మాట్లాడేవాళ్లు. మా భాష వచ్చిన పెద్దమ్మాయిలు ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు గానీ, మేం పదికి వచ్చేసరికి చదువైపోయి వెళ్లిపోయారు. మేమిద్దరమే మిగిలాం.

ఆ దసరా సెలవుల్లో మా ఊరికి రోడ్డు వేస్తున్నారు. నేను జ్వరంతో ఇంట్లోనే పడుకున్నాను. తను రోజూ పనికి వెళ్లి కంకర మోసింది. సెలవులైపోయి హాస్టల్‌కి వచ్చాక, ఒక ఆదివారం పొద్దున బట్టలుతికే బండ దగ్గర, ఇంకా తడపని లంగా మడతలోంచి చిన్న ఫోను తీసి చూపించింది.

“ఎవరిచ్చారు?”

“రోడ్డు పని చేయించే సూపర్‌వైజర్.”

ఆయన్ని నేనూ ఒకసారి చూశాను. ముప్పై దగ్గర ఉంటాయి. నల్ల కళ్లజోడు తల మీదకి ఎత్తుకుని తిరిగేవాడు. నెల రోజులుగా వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారట. తనని పెళ్లి చేసుకుంటానన్నాడట.

“వచ్చే ఆదివారం జీపులో వస్తాడు. అరకు స్టేషన్‌లో రైలెక్కి విశాఖపట్నం. అక్కణ్ణుంచి ఇంకో చోటికి.”

“ఏ చోటికి?”

“చెప్పాడు గానీ నాకు నోరు తిరగలేదు.”

“వాళ్లది ఏ ఊరు?”

“సాలూరు వైపట.”

“సాలూరేనా? సాలూరు వైపా?”

తను నవ్వింది. “నువ్వు పోలీసువా నేస్తం? ఊరు, అమ్మానాన్న, అవన్నీ వెళ్లాక చూపిస్తానన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నీకు కూడా చెప్పొద్దన్నాడు. నేనే ఆగలేక చెప్పేశాను.”

తర్వాత అసలు పని చెప్పింది. ఆదివారం తను గేటు దాటాక, వాళ్ల అవ్వకి బాగోలేదని మామ వచ్చి తీసుకెళ్లాడని వార్డెన్‌తో నేను చెప్పాలి. నేనెప్పుడూ అబద్ధాలాడను కాబట్టి వార్డెన్ నమ్ముతుంది.

సరే అన్నాను. ఈ మాట ఇప్పటి పిల్లలకి తప్పకుండా చెప్తాను. మొదట నేను సరే అన్నాను. తప్పని తెలియక కాదు. కాదంటే తను నాతో మాట్లాడటం మానేస్తుందేమోనని.

ఆ వారమంతా నాకు అన్నం దిగలేదు. క్లాసులో కూర్చుంటే బోర్డు మీద ఏం రాస్తున్నారో ఎక్కేది కాదు. తను మాత్రం సంతోషంగా ఉంది. ట్రంకు పెట్టెలో తన బట్టలు ఒక పక్కకి, నావి ఒక పక్కకి సర్దేసింది. దువ్వెన నన్నే ఉంచుకోమంది.

శనివారం మధ్యాహ్నం బియ్యం ఏరడానికి వంటమ్మ నన్ను పిలిచింది. ఆవిడ యాభై దాటిన మనిషి, హాస్టల్ పిల్లలందరికీ పిన్ని. చేట ఒళ్లో పెట్టుకుని నా వైపు చూడకుండానే అడిగింది.

“మూడ్రోజులై సూత్తన్నాను. కంచంలో సెయ్యెడతన్నావు గానీ నోట్లో ఎట్టట్లేదు. ఏటయింది గుంటా?”

“ఏం లేదు పిన్నీ.”

“ఏటీ నేకపోతే కళ్లంట నీళ్లెందుకొత్తన్నాయి?”

చెప్పేశాను. మొత్తం చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూనే వింది. అంతా అయ్యాక ఒకటే అడిగింది.

“ఆడి ఊరేటో ఈ గుంటకి తెలీదా?”

“తెలీదు.”

“ఈ గుంట ఊరు ఆడికి తెలుసు. ఇల్లు తెలుసు. బడి తెలుసు.” చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. “నాను వార్డెనమ్మకి సెప్పాల. నువ్వు సెప్పినావని సెప్పన్లే.”

“ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు పిన్నీ. ఎవరు చెప్పారో తనకి తెలిసిపోతుంది.”

ఆవిడ చేట పక్కన పెట్టింది. “అదీ నిజమే. మరి తెలిసినా సరే సెప్పమంటావా, వద్దంటావా? బేగి సెప్పు. ఆవిడ సంతకెల్లిపోద్ది.”

ఆవిడ తనంతట తనే వెళ్లి చెప్పేసుంటే నాకు సులువుగా ఉండేది. అడిగింది కాబట్టి నేనే తేల్చుకోవాల్సి వచ్చింది. కిటికీలోంచి చూస్తే నేస్తం తాడాట ఆడే చిన్నపిల్లలకి తాడు తిప్పుతోంది. ఇప్పుడైనా తన దగ్గరికి వెళ్లి, నేను చెప్పబోతున్నాను అని ఒక్క మాట అనొచ్చు. పది అడుగుల దూరం కూడా లేదు. వెళ్లలేదు.

“చెప్పు పిన్నీ,” అన్నాను.

ఆదివారం పొద్దున తను గులాబీ రంగు పంజాబీ డ్రెస్సు వేసుకుని తల దువ్వుకుంది. నా భుజం నొక్కి గేటు వైపు నడిచింది. గేటు దగ్గర వార్డెన్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పక్కన వాచ్‌మన్, ఇద్దరు టీచర్లు ఉన్నారు. వార్డెన్ మామూలుగా గట్టిగా అరిచే మనిషి. ఆ రోజు అరవలేదు. నేస్తం చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది, అంతే. కాసేపటికి మలుపులో జీపు ఆగింది. ఒక మనిషి ఒక కాలు కింద పెట్టి, గేటు వైపు చూసి, మళ్లీ ఎక్కేశాడు. జీపు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నేను చూసిందింతే. అతను మళ్లీ ఫోన్ చేయలేదట. రోడ్డు పనికి కూడా రాలేదని తర్వాత ఊళ్లో అన్నారు.

తను ఏడవలేదు. జీపు వెళ్లిన వైపు చూసి, తర్వాత వరండాలో నిలబడ్డ నా వైపు చూసింది.

మర్నాడు వాళ్ల అమ్మానాన్న వచ్చారు. తన సామాను గోనెసంచిలో వేసుకుని నాన్న భుజాన పెట్టుకున్నాడు. గేటు దాటుతూ తను ఆగి, వెనక్కి తిరిగి, నన్ను పేరు పెట్టి పిలిచింది. ఏదో చెప్తుందని నాలుగడుగులు వేశాను. తను తిరిగి నడిచి వెళ్లిపోయింది. పిలవడమే తను చెప్పాలనుకున్నది. పదేళ్లలో తన నోట నా పేరు వినడం అదే మొదలు.

ఇంటికెళ్లాక వాళ్ల నాన్న తనని కొట్టాడని, ఆ తర్వాత బడికి పంపనన్నాడని మా అమ్మ చెప్పింది. పరీక్షలకి మాత్రం టీచర్లు వెళ్లి ఒప్పించారట. కొడతాడని నేను అనుకోలేదు. చెప్పేస్తే తను బతికిపోతుందనే తప్ప, ఆ తర్వాత ఏమవుతుందో అంతవరకు ఆలోచించే వయసు కాదు నాది.

ఆ తర్వాత నవంబరు నుంచి మార్చి దాకా ఐదు నెలలు. మంచి పని చేశావని టీచర్లు అన్నారు. పిల్లలు మాత్రం నేను వస్తుంటే మాటలు ఆపేసేవాళ్లు. ఎవరి దగ్గరైనా ఉత్తరం ఉన్నా, జామకాయలు దాచుకున్నా, నన్ను చూసి చున్నీ కప్పేసేవాళ్లు. అన్నం లైనులో నా ముందు, నా వెనక కొంచెం ఖాళీ ఉండేది. వాళ్లని నేను తప్పు పట్టను. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అలాగే ఉండేదాన్నేమో.

అన్నిటికన్నా కష్టం మాట్లాడటానికి మనిషి లేకపోవడం. తెలుగు వచ్చు, ఒడియా వచ్చు. కానీ చలేసినా, కడుపునొప్పొచ్చినా, దేనికైనా నవ్వొచ్చినా లోపల వచ్చేది కువిలోనే. అది ఎవరితో అనాలి? సాయంత్రం నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి, కనిపించిన వాటి పేర్లన్నీ మా భాషలో పైకి అనుకునేదాన్ని. రాయి, మబ్బు, మేక, పొగ. ఒకసారి ఏడో తరగతి పిల్ల చూసి నేను మంత్రాలు చదువుతున్నానని అందరికీ చెప్పింది. ఆ తర్వాత మనసులోనే అనుకునేదాన్ని.

చేలనిండా పసుపుపచ్చటి వలిసె పూలు పూసిన రోజుల్లో రోడ్డు పొడవునా టూరిస్టుల కార్లు ఆగేవి. యూనిఫాంలో వెళ్తున్న పిల్లల్ని పిలిచి, పూలలో నిలబెట్టి ఫోటోలు తీసుకునేవాళ్లు. ఒక ఆవిడ నన్ను చూసి, “నీ ఫ్రెండ్‌ని కూడా పిలువమ్మా, ఇద్దరూ నిలబడితే బాగుంటుంది,” అంది. లేదండీ అన్నాను. “ఒక్కదానివేనా?” అని నన్నొక్కదాన్నే తీసింది. ఆ ఫోటో ఎక్కడో ఎవరి ఫోన్‌లోనో ఉండే ఉంటుంది.

వంటమ్మ మాత్రం రోజూ ఏదో ఒక పని చెప్పేది. ఉల్లిపాయలు ఒలిచిపెట్టు, చింతపండు గింజలు తియ్యి. ఓదార్పు మాటలేవీ చెప్పేది కాదు. పనయ్యాక, “తిన్నావా?” అని అడిగేది. తినకపోతే ఎదురుగా కూర్చోబెట్టి తినిపించేది.

మార్చిలో తను పరీక్షలకి వచ్చింది. వేరే గదిలో నంబరు పడింది. వాళ్లమ్మ గేటు బయట కూర్చుని ఉండేది. నన్ను చూసి, దగ్గరికి తీసుకుని, తల నిమిరింది. తను అటు తిరిగి నిలబడింది. ఇద్దరం పాసయ్యాం. నేను ఇంటర్‌లో చేరాను, ఆ తర్వాత నర్సు ట్రైనింగ్. తనని వాళ్ల నాన్న ఇక చదివించలేదు.

ఏడేళ్ల తర్వాత నాకు ఈ కొండల్లోనే పోస్టింగు వచ్చింది. ఒక ఊళ్లో టీకాలు వేస్తుంటే పిల్లని ఎత్తుకుని తను వచ్చింది. పక్క కొండ మనిషిని చేసుకుని ఆ ఊరికే వచ్చిందని అప్పుడే తెలిసింది. కాఫీ, మిరియాల తోట వేసుకున్నారు. భర్త మంచివాడిలాగే కనిపించాడు, పిల్ల టోపీ పట్టుకుని వెనకే నిలబడ్డాడు.

“సిస్టరమ్మా, సూదేత్తే దీనికి జరం వత్తదా?” అని తెలుగులో అడిగింది.

నేను మా భాషలో జవాబిచ్చాను. రాత్రికి కొంచెం ఒళ్లు వెచ్చబడుతుంది, ఈ మాత్రలో సగం నీళ్లలో కలిపి పట్టమన్నాను. తను మళ్లీ తెలుగులోనే, “ఎన్ని పూటలు?” అంది.

అందరూ వెళ్లాక తను ఉండిపోయింది. పిల్లని భుజాన వేసుకుని, అప్పుడు మా భాషలో మాట్లాడింది. గొంతులో కోపం లేదు.

“ఆ మనిషి మంచివాడో చెడ్డవాడో నాకు ఎప్పటికీ తెలీదు. తెలీకుండా చేసింది నువ్వు.”

“అవును,” అన్నాను.

“చెప్పావని కాదు. ఇప్పుడు నాకూ ఆడపిల్ల పుట్టింది. చెప్పడం నాకు అర్థమైంది. కానీ ముందు నాతో అనాల్సింది, నేను చెప్పేస్తున్నాను అని. తిట్టేదాన్ని. కొట్టేదాన్నేమో. అయినా నాతో అని ఉండాల్సింది. గేటు దాకా నన్ను అలా నడవనిచ్చావు.”

తర్వాతి టీకా ఎప్పుడో కార్డు మీద రాసిచ్చాను. కార్డు జాకెట్‌లో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ప్రతి నెలా చెప్పిన రోజుకి వస్తుంది. పిల్ల బరువు ఎంతో అడుగుతుంది. అంతకు మించి మేం మాట్లాడుకోం.

ఇప్పుడు స్కూల్లో కాగితం పక్కన పెట్టి నేను చెప్పేవి కొన్నే. మీ సంగతులన్నీ తెలుసుకుని, తన సంగతి ఒక్కటీ చెప్పని మనిషి వెంట వెళ్లకండి. ఎవరికీ చెప్పొద్దు అని ఎవరైనా అంటే, ఎందుకు వద్దంటున్నారో ఒక పూట కూర్చుని ఆలోచించండి. మీ నేస్తం అపాయంలో పడుతోందనిపిస్తే పెద్దవాళ్లకి చెప్పండి, కానీ అరిచేవాళ్లకి కాదు, వినేవాళ్లకి చెప్పండి. చెప్పే ముందు నేస్తానికి ఎదురుగా నిలబడి ఆ మాట అనండి. అది నేను చేయలేకపోయాను.

పోయిన నెల తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచి అడిగింది. “అలా చెప్తే నేస్తం పోతది కదా మేడం?”

“పోవచ్చు,” అన్నాను. మిగతా పిల్లలు నవ్వలేదు.

“మరి అప్పుడు మీరు ఒక్కరే ఎలా ఉన్నారు?”

మంచి పని చేశానన్న ధైర్యంతో ఉన్నానని చెప్తే బాగుండేది. కానీ అది నిజం కాదు. ఆకలి లేకపోయినా పూటకింత తిన్నాననీ, ఎవరైనా పని చెప్తే కాదనకుండా చేశాననీ, చాలా రోజులు ఏడ్చాననీ చెప్పాను. ఇంకా ఏమైనా చెప్తానేమోనని ఆ పిల్ల కాసేపు నిలబడే ఉంది. తర్వాత చేతిలోని మాత్ర నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, తన స్నేహితురాలి పక్కన కూర్చుంది.