గద్దె దగ్గర కూసిన హారన్

దయ్యాలను నమ్మే తీరిక నాకు ఎన్నడూ దొరకలేదు. ముప్పై ఏళ్లు పశువుల దవాఖానలో కాంపౌండరుగా పనిచేశాను. బర్రె పడిపోతే గాలి సోకిందనేవాళ్లు, ఎవరో చేతబడి చేశారనేవాళ్లు. కడుపు కోసి చూస్తే ప్లాస్టిక్ సంచి ఉండేది. అందుకే ఏం జరిగినా ముందు మనిషిని అనుమానించడం నాకు అలవాటు. జనం నన్ను డాక్టర్ సాబ్ అంటారు. కాదని నేనెప్పుడూ అనలేదు, అది వేరే సంగతి.

ఈ హారన్ కథ మా ఆసిఫాబాద్‌లో చాలామందికి చెప్పాను. హారన్ విప్పేసిన నా కారు మూడుసార్లు కూసిందని, కొండ దద్దరిల్లిందని, కోతుల మంద అడవిలోకి పరుగెత్తిందని. కోతులు నేను చేర్చినవి. కొండ కూడా దద్దరిల్లలేదు. కూసింది ఒక్కసారే. కానీ కూసింది.

కారు పదహారేళ్లది. ఇద్దరు వాడి వదిలేశాక నా దగ్గరికి వచ్చింది. అమ్మినవాడు ఇంజను బంగారమన్నాడు. పాత కారు అమ్మేవాడు ఇంజను ఒక్కదాన్నే పొగిడితే మిగతావన్నీ అనుమానించాలని తర్వాత తెలిసింది. రేడియేటరులో బోరు నీళ్లు పోసి పోసి లోపల సున్నం కట్టించింది నేనే. ఎలుకలు వైర్లు కొరికాయి. ఆఖరికి స్టీరింగు తిప్పినప్పుడల్లా హారన్ దానంతటదే కూయడం మొదలుపెట్టింది. జలుబు చేసిన మేక అరిచినట్టుండేది దాని గొంతు.

అయినా ఆ కారు మాకు కావాలి. కూతురు, అల్లుడు జైనూర్‌లో టీచర్లు. వాళ్లకు ఎనిమిది నెలల పాప. మా ఆవిడ సత్తెమ్మకు మోకాళ్ల నొప్పులు, బస్సు మెట్లు ఎక్కలేదు. ఆదివారం కారు కదిలితేనే ఆమె మనవరాలిని ఎత్తుకునేది. ఒకసారి దారిలో రేడియేటరు పొగలు కక్కాక అల్లుడు తేల్చి చెప్పాడు.

"మామా, ఇంకొక్కసారి గీ బండి తొవ్వల ఆగిందంటె అత్తమ్మను దీంట్ల తేవద్దు."

మెకానిక్ జలీల్ భాయ్ హారన్‌ను విప్పి తన దుకాణంలో పెట్టుకున్నాడు. స్టీరింగు లోపలి తీగ అరిగి తగులుతోందట. కొత్తది కరీంనగర్ నుంచి వచ్చాక మళ్లీ బిగిస్తానన్నాడు. బానెట్ మూయబోతూ బ్రేక్ ఆయిల్ డబ్బా వంక చూశాడు.

"డాక్టర్ సాబ్, హారన్ ఫికర్ ఇడిసిపెట్టుండ్రి. గీ ఆయిల్ ఊరికె తగ్గేది కాదు. ఎన్క చక్రంల కారుతున్నట్టుంది. ఒక్క పూట బండి ఇడువుండ్రి, రబ్బర్లు మారుస్త."

లేని రోగాన్ని చూపించి పని పెంచుతున్నాడనుకున్నాను. "కరీంనగర్‌ల చూపిచ్చిన. ఏం లేదన్నరు" అన్నాను. చూపించలేదు.

ఆ తర్వాత మూడు వారాలు ఆయిల్ తగ్గినప్పుడల్లా నేనే పోశాను. చక్రం లోపలివైపు తడి కనిపిస్తే పాత ధోతి గుడ్డతో తుడిచాను, అల్లుడి కంట పడకుండా. బ్రేక్ ఆయిల్ తగ్గుతుంటే పోస్తూ పోవడం మందు కాదు. పశువుకైనా బండికైనా రక్తం ఎక్కడ కారుతోందో ముందు చూడాలి. ఇది నాకు తెలుసు.

ఆ ఆదివారం పగటి భోజనం చేసి జైనూర్ నుంచి బయల్దేరాం. ఘాట్ దిగడం మొదలయ్యే చోట చెట్ల కింద అమ్మవారిని నిలిపిన చిన్న గద్దె ఉంది. డ్రైవర్లందరూ అక్కడ బండి నెమ్మది చేసి, అమ్మవారికి ఒక హారన్ కొట్టి దిగుతారు. నా బండికి హారన్ లేదు. ఉన్నా నేను కొట్టేవాణ్ని కాదు. గద్దె దాటుతున్నాను. బానెట్ కింద మేక అరిచింది.

ముందూ వెనుకా మరో బండి లేదు. నాకు జలీల్ మీద మండింది. నన్ను ఆటపట్టించడానికి ఇంకో హారన్ పెట్టి ఉంటాడని తిడుతూ పోతున్నాను.

"ఆపు!" అని సత్తెమ్మ నా చెయ్యి గుంజింది. "నువ్వు కొట్టకపోతివి, అమ్మనే కొట్టిచ్చింది. ఆపుతవా, దుంకాల్నా?"

ఆ మోకాళ్లతో దుంకుతుందట. విసుగ్గా బ్రేకు తొక్కాను. పెడల్ మెత్తగా అడుగు దాకా పోయింది.

లోయ అంచున ఒక చక్రం గాలిలో తేలిందని కొందరికి చెప్పాను. తేలలేదు. అది చదును నేల. గేరు తగ్గించి హ్యాండ్ బ్రేకు లాగితే నింపాదిగా ఆగింది. కానీ యాభై గజాలు పోయి ఉంటే వాలు. ఆ మాటలో అబద్ధం లేదు.

జలీల్‌కు ఫోన్ చేస్తే మోటారు సైకిలు మీద వచ్చాడు. దిగీదిగకముందే అడిగాను.

"రెండో హారన్ ఏడ దాసినవ్?"

అతను నా వైపు వింతగా చూశాడు. సంచిలోంచి హారన్ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇగో మీది. తీగ నిన్ననె అచ్చింది, ఎట్లాగు వస్తున్న గద అని తెచ్చిన. దాసెతందుకు నేనేమన్న గారడోన్నా సాబ్?"

బానెట్ ఎత్తించాను. హారన్ ఉండాల్సిన చోట ఖాళీ. దాని వైర్ల కొసలకు నల్ల టేపు అతను చుట్టినట్టే ఉంది. అయినా సీట్ల కిందా డిక్కీలోనూ వెతికాను. ఏమీ లేదు.

జలీల్ వెనుక చక్రం విప్పి వేళ్లు లోపల పెట్టి చూశాడు. "కరీంనగర్‌ల చూపిచ్చిన అంటిరి గద సాబ్? గీ రబ్బర్లను ఎన్నేండ్ల సంది ఎవ్వడు ముట్టుకోలే."

రాతి మీద కూర్చున్న సత్తెమ్మ తల తిప్పి నన్ను చూసింది. అతను రబ్బర్లు మార్చి పని ముగించగానే లేచి కారెక్కింది.

ఘాట్ దిగాక నేనే మొదలుపెట్టాను. ఆయిల్ పోసిన సంగతి, తుడిచిన గుడ్డ సంగతి, అల్లుడికి తెలిస్తే ఆమెకు పాప దూరమవుతుందని భయపడిన సంగతి చెప్పాను. తర్వాత మాట మారిస్తే బాగుంటుందని, అసలు హారన్ ఎట్లా మోగిందో అర్థం కావడం లేదన్నాను. ఈ రోజుకీ అర్థం కాలేదు.

"హారన్ సంగతి ఇడిసిపెట్టు" అంది సత్తెమ్మ, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా. "గది కూయకపోతె, నువ్వు నాకు చెప్తుంటివా?"