గలిపోలిలో పడుకున్నవాళ్లు

వై టూ కె సాఫ్ట్‌వేర్ పనికని మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో, ఒక సాయంత్రం శివార్లలోని వెర్రిబీకి వెళ్లే రైల్లో ఇద్దరు తెల్ల కుర్రాళ్లు టర్కీ చూసొచ్చిన కబుర్లు గట్టిగా చెప్పుకుంటున్నారు. ఇస్తాంబుల్ మసీదులు, ఎఫెసస్ శిథిలాలు అయ్యాక గలిపోలి దగ్గరికొచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా, టర్కీ సైనికులు ఒకరినొకరు చంపుకున్న చోటది.

"బీర్లు తాగి సమాధుల మీదే పడుకున్నాం," అని నవ్వాడొకడు.

నా పక్కన కూర్చున్న పెద్దావిడ తలకు కట్టుకున్న స్కార్ఫ్ సర్దుకుంటూ లేచింది.

"మా తాత అక్కడే పోయాడు. టర్కీ సైనికుడు. ఆయనకి సమాధి రాయి లేదు, పేరు లేదు. నువ్వు ఎవరి మీద పడుకున్నావో నీకు తెలుసా?"

"ఊరుకో, ముసలమ్మా!" అన్నాడు వాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నోర్ముయ్యండి!" అని అరిచాను. వాళ్లు ఇంకా పెద్దగా నవ్వారు.

రైలు ఆగగానే ఆవిడ తలుపు వైపు నడిచింది.

"మీ స్టేషనా ఆంటీ?" అన్నాను.

"కాదు. వీళ్లతో కూర్చోలేను."

నేనూ దిగిపోయాను. రైలు కదులుతుంటే వాళ్లిద్దరూ కిటికీలోంచి మాకు టాటా చెప్పారు. ఆ ఊగే చేతులు తలుచుకుంటే నాకిప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి.