సార్ పిలిచేదాకా

యూనివర్సిటీలో మేడం గది తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది, కాలు విరిగిన కుర్చీ ఒకటి అడ్డం పెట్టి. కళ్లద్దాలు నెత్తిమీద ఉంచుకుని బల్లంతా వెతుకుతుంది, కనబడక బల్లని తిడుతుంది. ఇంటి మొత్తంలో తామే మొదటగా ఇంతదాకా చదివిన పిల్లలు ఏదో ఒకరోజు ఆ గదికే చేరతారు, పుణ్యకాలం కాస్తా గడిచిపోయాక. మొన్న వచ్చిన పిల్ల తాపీమేస్త్రి కూతురు. పరిశోధనలో మొదటి అధ్యాయం రాసి గైడుకిచ్చి నాలుగు నెలలైందట. "ఏమన్నారు?" "చూసి పిలుస్తానన్నారు మేడం." "మరి వెళ్లి అడగలేదా?" "పెద్దాయన పిలుస్తానన్నాక మళ్లీ వెళ్తే ఏం బాగుంటుందని..." మేడం తల కొట్టుకుంది. అద్దాలు జారి ఒళ్లో పడ్డాయి. "పిలుస్తానంటే వారం తిరక్కుండా నువ్వే వెళ్లి తలుపు కొట్టాలని, తల్లీ. ప్రొఫెసర్ల పిల్లలకి ఇవన్నీ ఉగ్గుపాలతో పోస్తారు. మనకెవడు చెప్తాడు?"

చెయ్యి పట్టుకుని గైడు గదికి లాక్కెళ్లింది. ఇచ్చిన కాగితాలు ఇచ్చినట్టే బల్లమీదున్నాయి. ఆయన తలెత్తి, "ఇన్నాళ్లూ రాలేదేమ్మా? శ్రద్ధ లేదనుకున్నాను," అన్నాడు. "సారీ సార్," అంది పిల్ల. ఇరవయ్యేళ్ల కిందట మేడం కూడా ఇలాగే ఏడాది పోగొట్టుకుని, ఇలాగే సారీ చెప్పింది. పిల్లతో బయటికొచ్చిన ఆ మధ్యాహ్నమే మేడం "పిలుస్తానంటే పిలవరు. వారంలో మీరే వెళ్లండి" అని పెద్దక్షరాలతో రాసి నోటీసు బోర్డుకి అంటించింది. సాయంత్రానికి ఎవరో పీకేశారు. మర్నాడు మళ్లీ రాసింది. ఈసారి బోర్డు జోలికి పోలేదు, తిన్నగా గైడు తలుపుకే అంటించింది.