ఓడలో వదిన కలిపిన ముద్ద

మా వదిన నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. అందుకే విహారానికి ఓడ ఎక్కుదాం అన్నప్పుడు వద్దనడానికి నాకు నోరు రాలేదు.

వదిన అంటే మా ఆయనకి అక్క. ఉయ్యూరులో ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం మా ఆయన కిడ్నీలు రెండూ పనిచెయ్యడం మానేశాయి. నాది సరిపోదని డాక్టర్లు తేల్చేశాక ఆవిడ తనది ఒకటి ఇచ్చింది. ఎవరూ అడగలేదు. "పరీక్షలకి నన్ను ఎప్పుడు రమ్మంటారో కనుక్కో అమ్మాయ్" అని తనే ఫోన్ చేసింది, జాకెట్టు కొలతలకి ఎప్పుడు రమ్మంటారని అడిగినంత మామూలుగా. అప్పటినుంచి నా పొద్దుటి ప్రార్థనలో మా ఆయన పేరు కంటే ముందు ఆవిడ పేరే వస్తుంది.

మార్చిన కిడ్నీని ఒళ్ళు పరాయిదనుకుని తోసెయ్యకుండా జీవితాంతం మందులు వేసుకోవాలి. ఆ మందులు రోగాలతో పోరాడే శక్తిని కూడా తగ్గించేస్తాయి. మనకి పూటలో తగ్గిపోయే విరేచనాలు ఆయనకి పట్టుకుంటే కిడ్నీ ఎండిపోతుందని డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు. ఆ మాట నాకు చెప్పి ఉండకూడదేమో. ఆ రోజు నుంచి నేను మనుషుల ముఖాలు చూడటం మానేసి చేతులు చూడటం మొదలుపెట్టాను.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నతనంలో ఆయాసం ఉండేదని మా నాన్న ఇంట్లోనే చదువు చెప్పాడు. ఆయన మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. బైబిలు చదివించేవాడు, అది అయ్యాక మందు సీసాల మీది చీటీలు చదివించేవాడు. ఇప్పటికీ ఏ సీసా చేతికొచ్చినా వెనక్కి తిప్పి చదివితేగానీ మూత తియ్యను. బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్‌నగర్ వీధిలో నిలబడినప్పుడు, నీళ్ళు తీశాక కూడా నెలల తరబడి మరగబెట్టిన నీళ్ళతోనే గిన్నెలు కడిగాను. వీధిలో చాలా ఇళ్ళలో జ్వరాలు వచ్చాయి, మా ఇంట్లో రాలేదు. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. గ్యాస్ బండ త్వరగా అయిపోతోందని మా ఆయన గొణుక్కున్నారు.

అలాంటి నాకు ఓడ అంటే ఏమనిపిస్తుంది? ఫోన్‌లో చదివినకొద్దీ భయం పెరిగింది. ఒకడికి వాంతులు మొదలైతే నాలుగు గోడల మధ్య వందలమందికి పాకుతుందట. అందరూ పట్టుకునే కమ్మీలు, అందరూ నొక్కే లిఫ్టు మీటలు, అందరూ తిప్పే గరిటెలు. వద్దంటారని చివరి ఆశ పెట్టుకుని డాక్టరుగారిని అడిగాను. "వెళ్ళిరండమ్మా, వేడివేడిగా ఉన్నవే పెట్టండి. కడుపు చెడగొట్టే క్రిములు కొన్ని శానిటైజర్‌కి చావవు, సబ్బుతో కడుక్కోండి" అన్నారు. సంచిలో చీరల కంటే సబ్బులే ఎక్కువ సర్దాను.

మా వదిన భర్తకి నీళ్ళంటే భయం, కృష్ణలో పడవ కూడా ఎక్కరు. అందుకని మేం ముగ్గురమే విజయవాడలో రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాం. అక్కడ ఎక్కి చెన్నైలో దిగడం. ఓడ దగ్గర యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి వరసలో ఒక్కొక్కళ్ళనీ అడుగుతోంది, ఈ మధ్య వాంతులు, విరేచనాలు ఏమైనా అయ్యాయా అని.

"లేదమ్మా, రాయిలాగా ఉన్నాం" అన్నది వదిన, మా ముగ్గురి తరఫునా.

ఓడలో భోజనాల హాలు వదిన వాళ్ళ ఉయ్యూరు కల్యాణమండపం కంటే పెద్దది. నేను ఆయన్ని గోడవార కూర్చోబెట్టి, గరిటెల దగ్గర నిలబడి చూశాను. ఒకాయన వేళ్ళు నాక్కుని అదే చేత్తో సాంబారు గరిటె పట్టుకున్నాడు. ఇంకొకావిడ పూరీ తీసి, నచ్చక మళ్ళీ పెట్టేసింది. మన వైపు ఎంగిలి అన్న మాటొకటి ఉంది, అది వీళ్ళ ఇళ్ళలో లేదా అనిపించింది. వంటగది లోపలినుంచి పొగలు కక్కుతూ కొత్త పళ్ళెం వచ్చేదాకా ఆగి, మొదటి వడ్డన ఆయనకే తెచ్చాను.

"చర్చికెళ్ళేదానివి, నీకీ మడి ఎక్కడ పట్టుకుంది అమ్మాయ్?" అన్నది వదిన. "రేపు సముద్రాన్ని కూడా ఫినాయిలేసి కడిగిస్తావా?"

"దాని సంగతి నీకు తెలీదక్కా" అన్నారు మా ఆయన. "చెన్నైలో దిగాక నన్ను కుక్కర్లో పెట్టి మూడు కూతలు పెట్టిస్తుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే చూశాను, వదిన పళ్ళెంలో మజ్జిగన్నం తప్ప ఏమీ లేదు. బిర్యానీ అంటే ప్రాణం పెట్టే మనిషి. అడిగితే, రైల్లో తిన్నది అరగలేదన్నది.

సాయంత్రం ఒక మాంత్రికుడి ఆట పెట్టారు. మధ్యలో లేచి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. "సముద్రం పడట్లేదమ్మాయ్, తల తిరుగుతోంది" అన్నది. ఆ రోజు సముద్రం ప్రకాశం బ్యారేజీ వెనకాల నీళ్ళలాగా కదలకుండా ఉంది.

పడుకునే ముందు ప్రార్థన చేసుకుందామని కూర్చుంటే మాటలు రాలేదు. ఏ చెయ్యి మా ఆయన్ని బతికించిందో ఆ చేతి మీద నాకు అనుమానం పుట్టింది. ఇది నా బుద్ధిలో పురుగైతే తీసెయ్యి ప్రభువా, నిజమైతే చూపించు, అని మాత్రం అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం వదిన మమ్మల్ని తన గదికి పిలిచింది. పక్కపక్క గదులు మావి. పైనుంచి అన్నం తెప్పించింది. సంచిలోంచి స్టీలు బేసిను, నెయ్యి డబ్బా, కొత్త ఆవకాయ సీసా తీసింది. ఏటా కొత్తావకాయ పెట్టినప్పుడల్లా వాళ్ళింట్లో అదొక పండగ. పెద్దావిడ బేసినులో అన్నం కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్ళ చేతుల్లో తలా ఒక ముద్ద పెడుతుంది. అత్తగారు పోయాక ఆ పని వదినది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ మా ఆయన ఆ వరసలో కూర్చోలేదు, నేను కూర్చోనివ్వలేదు.

"రారా తమ్ముడూ, ఉప్పు తక్కువ వేసి పెట్టాను, నీకోసమే" అన్నది.

ఆయన అప్పటికే మంచమ్మీద చిన్నపిల్లాడిలా మఠం వేసుకుని కూర్చున్నారు. నేను చేతులు కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్ళాను. చెత్తబుట్టలో ఉప్పూ పంచదారా కలిపి తాగే పొడి, ఓఆర్ఎస్, చింపిన పొట్లాలు ఉన్నాయి. ఒకటి కాదు. వాటి కింద విరేచనాలు కట్టేసే మాత్రల అట్ట, సగం ఖాళీది. వెనక్కి తిప్పి చదవాల్సిన పనిలేకపోయింది.

బయటికి వచ్చేసరికి ముద్ద ఆవిడ చేతిలో ఉంది, ఆయన అరచెయ్యి చాపి ఉంది. నా చెయ్యి ఆయన చేతి మీద పెట్టాను.

"అది నాకు పెట్టండి వదినా."

"మొగుడి నోటి దగ్గర ముద్ద లాక్కునేదాన్ని ఇప్పుడే చూస్తున్నా" అని నవ్వుతూ పెట్టింది. తిన్నాను. ఆవకాయ అద్భుతంగా ఉంది, అబద్ధం చెప్పను. ఇంకో ముద్ద చేసి ఆయన వైపు చాపింది. మళ్ళీ నా చెయ్యే పెట్టాను. అదీ తిన్నాను.

"ఏమిటే, అంత ఆకలా?" అన్నారు ఆయన.

మూడో ముద్ద వదిన చేతిలోనే ఆగిపోయింది. నా వైపు చూసింది, తర్వాత స్నానాలగది తలుపు వైపు.

"చూశావా?"

"చూశాను వదినా."

ముద్దని బేసినులో పెట్టేసింది. నేను ఆయన్ని మా గదికి వెళ్ళమన్నాను. "ఏమైంది? నేనేం తిన్లేదుగా" అంటూనే వెళ్ళారు.

తలుపు పడింది. ఆవిడ చేతికి నూనె అలాగే ఉంది.

"ఇబ్రహీంపట్నంలో పెళ్ళిభోజనం తిన్నాను, బయల్దేరేముందు" అన్నది వదిన. "ఆ రాత్రినుంచీ పట్టుకుంది. ఇప్పుడు తగ్గింది, పొద్దుట్నుంచీ ఒక్కసారే."

"ఎక్కేటప్పుడు ఆ అమ్మాయి అడిగింది కదండీ."

"ఉందంటే వాళ్ళు ఎక్కనిచ్చేవాళ్ళా? వాళ్ళదాకా ఎందుకు, నువ్వు రైలెక్కనిచ్చేదానివా?"

నిజమే కదా.

"వాడు బతకాలని ఇచ్చాను అమ్మాయ్. నువ్వేమో పచ్చడి జాడీకి వాసెన గుడ్డ కట్టి అటకెక్కించినట్టు ఎక్కించావు. వాణ్ణి చూడాలంటే కాళ్ళు కడుక్కుని, మాస్కు పెట్టుకుని, గడపవతల కూర్చుని చూడాలి. నా చేతి ముద్ద వాడు తిని ఎన్నాళ్ళయింది? అన్నీ ఇచ్చినదాన్ని, ఒక ముద్ద పెట్టుకోలేనా?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఆవిడ పెట్టిన భిక్షతో నా పుస్తెలు నిలబడ్డాయి. ఆ ఋణం కాళ్ళ మీద పడి చెప్పినా తీరేది కాదు. కానీ అప్పుడు నా నోటినుంచి వేరే మాట వచ్చింది.

"జాడీ పగిలితే ఇంకొకటి ఎవరిస్తారు వదినా? మీ దగ్గర కూడా ఇంకొకటేగా ఉంది."

ఆవిడ లేచి, బేసినులో అన్నం మొత్తం చెత్త సంచిలో పోసి మూతి కట్టింది. గోడకున్న ఫోన్ నాకు చూపించింది. "నాకు ఇంగ్లీషులో విరేచనాలని చెప్పడం సిగ్గు. నువ్వే చెప్పు."

ఓడ డాక్టరు, నర్సు వచ్చి చూశారు. మందులిచ్చి, తగ్గిందని తాము చెప్పేదాకా గది దాటొద్దన్నారు. ఆవిడ చేతి ముద్దలు తిన్నానని నేను చెప్పేసరికి నన్నూ దాటొద్దన్నారు. నేనూ అదే అడగబోతున్నాను. మా గది మొత్తం మందు కొట్టి తుడిపించి, ఆయన్ని అందులో ఒక్కర్నే ఉంచారు. నా దిండూ, సబ్బులూ వదిన గదికి వచ్చాయి.

రెండు గదుల బాల్కనీలకీ మధ్య ఒక తెల్లటి అడ్డు ఉంది. ఆయన అటువైపు కూర్చుంటే కమ్మీ మీద చేతివేళ్ళు మాత్రం కనిపించేవి. ఇప్పుడు నా అనుమానమంతా ఆయన మీదికి తిరిగింది.

"ఏం తిన్నారు?"

"ఇడ్లీ."

"పొగలొస్తున్నాయా?"

"వస్తున్నాయి."

"చట్నీ?"

కాసేపు సముద్రం చప్పుడే వినిపించింది. "వేసుకోలేదు."

"వేసుకున్నాడు" అన్నది మంచమ్మీదినుంచి వదిన. "చిన్నప్పుడూ ఇంతే. ఆలోచించి చెప్పాడంటే అబద్ధమే."

ఆ మర్నాడు నాకు మొదలైంది. ముందు చెమటలు, తర్వాత కడుపులో మెలితిప్పడం, తర్వాత వాంతులు. స్నానాలగది నేల మీద కూర్చుండిపోయాను. ఆ స్థితిలో నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే, ఆ ముద్దలు ఆయన కడుపులోకి వెళ్ళలేదు. వాంతికీ వాంతికీ మధ్య స్తోత్రం చెప్పుకున్నాను. దేవుడు ఏ స్థితిలో ఉన్నా వింటాడని మా నాన్న అనేవాడు, ఆ స్థితిలో వినమని అడగడానికి నాకే కొంచెం మొహమాటమైంది.

వదిన నా నుదురు పట్టుకుంది. నా ముఖం తుడిచి, గోడకి ఆనించి కూర్చోబెట్టి, మోచేతులదాకా సబ్బు రాసుకుని కడుక్కుంది. ఆ నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగలేదు. గోళ్ళ సందులు కూడా రుద్దుకుంది. తర్వాత పొడి కలిపిన నీళ్ళు చెంచాతో పట్టింది.

నేను వాంతి చేసుకుంటున్న చప్పుడు గోడ దాటి ఆయనకి వినబడ్డట్టుంది. వచ్చి తలుపు కొట్టారు.

"ఎలా ఉందక్కా దానికి? ఒక్కసారి తలుపు తియ్యి."

"తియ్యను."

"చూసి వెళ్ళిపోతానే."

"చూడక్కర్లేదు, నేను చూస్తున్నా" అన్నది వదిన, తలుపుకి వీపు ఆనించి నిలబడి. "ఆ పిడి ముట్టుకున్నావా? ముట్టుకున్నావు. వెళ్ళి కడుక్కో. ఉత్తి నీళ్ళు కాదు, సబ్బుతో. ముఖం మీద చెయ్యి పెట్టుకోకుండా వెళ్ళు."

ఆయన చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా ఆవిడ తలుపు దగ్గరే ఉంది. ఆవిడ ఇటు తిరిగాక చూశాను, ఏడుస్తోంది. "రెండు ముద్దలకే నీకింత అయిందా" అన్నది. "వాడైతే..." అని ఆపేసింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అది నీళ్ళలో నాని చల్లగా, ముడతలు పడి ఉంది.

చెన్నైలో దిగేసరికి నాకు తగ్గింది. ఇద్దరం బయటికి రావచ్చని డాక్టరు చెప్పారు. ఆయనకి ఏమీ కాలేదు. అయినా రైల్లో వదిన మా దగ్గర కూర్చోకుండా ఎవరితోనో సీటు మార్చుకుని దూరంగా కూర్చుంది. విజయవాడలో దిగాక ఆయన ఆవిడ దగ్గరికి వెళ్ళబోతే అరచెయ్యి ఎత్తి ఆపింది. ఉయ్యూరు బస్సు ఎక్కి కిటికీలోంచి చూసింది.

ఇంటికి రాగానే ఆయనకి రక్తపరీక్ష చేయించాను. అంతా ఎప్పటిలాగే ఉందని వచ్చింది. వదినకి ఫోన్ చేసి చెప్పాను. అటునుంచి సంతోషం వినబడుతుందని ఎదురుచూశాను.

"ఆ ల్యాబువాళ్ళు సరిగ్గా చూశారో లేదో" అన్నది వదిన. "ఈ రోజుల్లో ఎవర్ని నమ్ముతాం? ఇంకోచోట కూడా ఇప్పించు."

ఇంకోచోట కూడా ముందే ఇచ్చి వచ్చామనీ, అదీ బాగానే ఉందనీ చెప్పాను. అప్పుడు నమ్మింది.