పీచు లేచిన అంచు: మిర్కాబ్ మీదుగా సబ్హాన్ దాకా

ఈ అరబ్బు దేశంలో మా యజమానురాలు, మేమంతా మామా అని పిలిచే ఆవిడ ఇంట్లో వంట మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళయింది. శుక్రవారం పిల్లలూ మనవలూ అందరూ ఆమె దగ్గరికి భోజనానికి వస్తారు కాబట్టి నా సెలవు శనివారం. పోయిన శుక్రవారం భోజనాలయ్యాక పెద్ద మనవరాలు నూరా అన్న ఒక మాటతో ఈ ప్రయాణం మొదలైంది. నూరా మంచు మీద హాకీ ఆడుతుంది. ఆమె తాతగారిని మేము బాబా అనేవాళ్ళం, ఇప్పుడు లేరు. ఆయన కుర్రతనంలో కెనడాలో చదువుకున్నారు. అక్కడ బబుల్‌గమ్ పొట్లంలో వచ్చిన ఒక హాకీ ఆటగాడి బొమ్మకార్డును దాచుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత, పాత కార్డులను పరీక్షించి మార్కులు వేసే వాళ్ళకు పంపితే, వాళ్ళు దాన్ని గట్టి ప్లాస్టిక్ కేసులో పెట్టి, మళ్ళీ తెరుచుకోకుండా అతికించి, పైన అంకె వేసి పంపారు. "పొట్లం నేనే చింపాను. దీని మీద ఇంకెవరి చెయ్యీ పడలేదు" అని బాబా ప్రతిసారీ చెప్పేవారు. ఆ కార్డు నూరా పుట్టినరోజుకు ఇవ్వాలని మామా కోరిక.

నూరా దాని ఫోటోను జట్టువాళ్ళకు చూపించిందట. "అంచులు బాగాలేవంటున్నారు. పాడైన అంచును ఎవరో కత్తిరించి ఉంటారట. మార్కులు వేసేవాళ్ళు కూడా ఒక్కోసారి పొరపడతారట. తాతయ్య దాన్ని ఎక్కడో కొని, మనకు పొట్లం కథ చెప్పారేమో" అని నవ్వింది. మామా నవ్వలేదు. సాయంత్రం ఆ కార్డునూ, అదే డబ్బాలో ఉన్న, అదే కాలపు, కేసు లేని ఇంకో మామూలు కార్డునూ గుడ్డలో చుట్టి వంటింట్లోకి తెచ్చింది. "సుబ్బా, రేపు ఎవరైనా తెలిసినవాళ్ళకు చూపించు. ధర అడగొద్దు. ఆయన నాతో అబద్ధం ఆడాడా లేదా, అదొక్కటి తెలుసుకుని రా" అంది.

శనివారం తెల్లవారుజామునే దీపం పెట్టుకుని, రాగి సంగటీ ఊరిబిండి పచ్చడీ చేసి క్యారేజీలో సర్దాను. మా తమ్ముడు రమణ సబ్హాన్‌లో ఒక ప్రెస్సులో పనిచేస్తూ అక్కడే గదిలో ఉంటాడు. ప్రతి శనివారం అతనికి అన్నం తీసుకెళ్తాను. ఆ రోజు వేంకటేశ్వరస్వామి కోసం ఒక్కపొద్దు ఉంటాను, వాడు తిన్నాకే నేను తింటాను. మామా ఇల్లున్న జాబ్రియాలో తొమ్మిదింటికి బస్సెక్కితే మిర్కాబ్ చేరడానికి ముప్పావుగంట పట్టింది. టికెట్టు మూడు వందల ఫిల్సు. తపాలా బిళ్ళలూ పాత నాణేలూ అమ్మే కొట్టు ఒకటి అక్కడ ఉంది. పదింటికి ముందు తెరవరు, తొందరపడి వెళ్ళకండి.

కొట్టాయన కేరళ పెద్దమనిషి. నాకు టీ తెప్పించాడు, ఒక్కపొద్దు అంటే పక్కకు జరిపించాడు. కేసును భూతద్దం కింద చాలాసేపు తిప్పి చూసి, హిందీలో అన్నాడు: "అమ్మా, నా పని నాణేలు. అయినా ఈ అంచు చూడండి, ఎలుక కొరికినట్టుంది. ఫ్యాక్టరీ కత్తి ఇలా కోస్తుందా? ఎవరో మొద్దు కత్తెర పెట్టారు." నేనూ చూశాను. నిజమే, అంచంతా సన్నటి పీచు లేచి ఉంది. చూసినందుకు ఆయన ఏమీ తీసుకోలేదు. కేసును మళ్ళీ గుడ్డలో చుడుతూ, ఈ మాట మామాకు ఎలా చెప్పాలా అనుకున్నాను. నామం చెప్పుకుంటూ బయటికి వచ్చాను.

ఎండ ముదిరింది. సబ్హాన్‌కు టాక్సీ మాట్లాడుకున్నాను. డ్రైవరు కోనసీమ అబ్బాయి. మూడు దీనార్లన్నాడు, రెండున్నరకు ఒప్పుకున్నాడు. దారిలో అద్దంలోంచి క్యారేజీ వైపు చూశాడు.

"ఏంటండీ అక్కయ్యగారూ, వాసన ఘుమఘుమలాడిపోతుంది?"

"సంగటి నాయనా."

"ఆయ్, ముద్ద మింగేయాలంట కదండీ, నమలకూడదంట?"

"నమిలితే దానికి కోపమొస్తాది."

"మీ కడపోళ్ళకే కాదన్నమాట, మీ ముద్దకీ కోపమేనండీ! ఎవరికండీ ఇంతా?"

"మా తమ్మునికి. ప్రెస్సులో కాగితాలు కోసే మిషను మీద ఉండాడు."

ఆ మాట నా నోటితోనే అన్నాను. అప్పుడు కూడా నాకేమీ తోచలేదు.

పన్నెండు దాటాక చేరాను. రమణ గోడవారన పేపరు బండిళ్ళ మీద కూర్చుని తిన్నాడు. నేను ముద్ద ముట్టకపోవడం గమనించాడు.

"ఏంక్కా, మొగం అట్ల పెట్టినావు? ఆ సంచిలో గుడ్డ సందున మెరుస్తాండేదేంది?"

"మామాది. నీకెందుకులే, ఇంగొంచెం తిను."

మళ్ళీ అడిగాడు. చెప్పాను. అన్నీ విన్నాడు. లేచి, రెండుసార్లు సబ్బుతో చేతులు కడిగి, ఆరేదాకా గాలికి పట్టుకుని, అప్పుడు చెయ్యి చాపాడు. కేసును ట్యూబులైటు కింద ఏటవాలుగా పెట్టి నాలుగు పక్కలా చూశాడు.

"ఎవురు చెప్పినారు, కోసినారని?"

"మిర్కాబ్‌లో నాణేలాయన."

"నాణేలాయనకు కాగితం సంగతేం తెల్సు? పందొమ్మిదేండ్లుగా నేను కోస్తాండేది కాగితమే. నన్నడగల్లని తోచల్యా నీకు?"

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాడికి జ్వరమొచ్చిందా, జీతమొచ్చిందా, ఇక్కడ ఉండేందుకు ఇఖామా కాగితం కొత్తదయిందా అని అడిగాను గాని, ఇన్నేళ్ళలో వాడి పని గురించి ఒక్కటి అడిగిన గుర్తు లేదు.

కేసు లేని కార్డును చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని దాని అంచు వెంట వేలు పోనిచ్చాడు. తర్వాత దాన్ని కేసు మీద పెట్టి, లోపలి కార్డుతో సరిగ్గా కలిపాడు. ఎత్తూ వెడల్పూ వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

"చూడు. దీనికీ అదే పీచు, దానికీ అదే పీచు. ఇది మా బ్లేడు కోత కాదు. సన్న తీగతో తెగినట్టుండాది, ఆ కాలంలో వాళ్ళ పద్ధతే అదేమో. ఎవురన్నా ఇంట్లో బ్లేడు పెట్టింటే మొదట పొయ్యేది ఈ పీచే. అంచు నున్నగా, తెల్లగా అయితాది. ఒక పక్కన్నా పొట్టిదైతాది. ఈడ నాలుగు పక్కలా ఒకటే ముసలి రంగు."

"అయితే బాబా చెప్పింది..."

"కేసు తెరవకుండా నూటికి నూరని చెప్పలేను. కానీ కోసే చెయ్యి నాది. దీన్ని ఎవురూ కోయలే."

అప్పుడు తిన్నాను. సంగటి చల్లారిపోయింది, అయినా కడుపునిండా తిన్నాను. ప్రెస్సు వ్యాను ఖైతాన్ దాకా దింపింది. అక్కడి నుంచి ఇంకో మూడు వందల ఫిల్సు బస్సులో ఇల్లు చేరేసరికి నాలుగున్నర. మామా వాకిట్లోనే కుర్చీ వేసుకుని ఉంది. నేను చెప్పడం మొదలుపెడితే ఆపింది. "చూసినవాడితోనే చెప్పించు. నూరా కూడా వినాలి" అంది. నూరాను పిలిపించి, ఫోను మధ్యలో పెట్టాం. రమణ తన సబ్హాన్ అరబ్బీలో, యల్లా యల్లా అని తనను తానే తోసుకుంటూ, పీచు గురించీ రంగు గురించీ చెప్పాడు. నూరా తన ఫోనులో ఏదో వెతికి, "బామ్మా, ఆ కంపెనీ కార్డులు ఆ రోజుల్లో తీగతోనే కోసేవారట. గరుకు అంచు ఉండడం మామూలేనట" అని మెల్లగా చదివింది. మామా కేసును రెండు చేతులతో పట్టుకుని, ఆ అంచును ఒకసారి చూసుకుంది. "ఖలాస్, ఇక ఆ మాట అయిపోయింది" అని దాన్ని మనవరాలి ఒడిలో పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "నీకు ఇలాంటి తమ్ముడున్నాడని ఒక్కసారైనా చెప్పావా? వచ్చే శనివారం అన్నం మోసుకెళ్ళకు. అతన్నే ఇక్కడికి రమ్మను" అంది.

రాత్రి దీపం దగ్గర కూర్చుంటే, తనను అడగాలని తోచలేదా అన్న రమణ ప్రశ్నే గుర్తొచ్చింది. పెద్దదాన్ని కదా, ఇన్నేళ్ళూ పెట్టడమే నా వంతనుకున్నాను. అడగడం కూడా ప్రేమేనని తెలియలేదు. అందరూ లోపమన్న ఆ పీచే కార్డు నిజమైనదని చెప్పింది. దాన్ని చదవగలిగిన వేలికి పందొమ్మిదేళ్ళుగా ముద్దలు పెడుతూ, ఆ వేలికి ఏం తెలుసో అడగలేదు. స్వామికి దండం పెట్టుకుని, ఈసారి వాడి కోసం నేనేమీ కోరుకోలేదు. వాడిని ఇచ్చినందుకు మాత్రం కృతజ్ఞత చెప్పుకున్నాను.

మీరూ ఇలాంటి కార్డు చూపించడానికి బయలుదేరుతుంటే, కేసు ఎంతమాత్రం తెరవకండి, అదే కాలపు మామూలు కార్డు ఒకటి తోడు పట్టుకెళ్ళండి. అయితే బస్సెక్కే ముందు, మీవాళ్ళలో కాగితం కోసేవాళ్ళు ఎవరున్నారో ఒక్కసారి తలుచుకోండి.