మామ తీసిన సగం ఫోటోలు

ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరుతుంటే మా ఊరు కోట నుంచి అత్త ఫోన్ చేసింది. "అమ్మణ్ణీ, మీ మామ పోయినాడు. టీ తాగుదువు లెయ్యమని లేపితే లేయలా" అంది. కోవూరు నుంచి బస్సులో పోతున్నంతసేపూ నాకు ఒకటే గుబులు, ఇక మా అమ్మ గురించి చెప్పేవాళ్ళెవరని.

నాకు ఊహ తెలియకముందే అమ్మ చనిపోయింది. ఆమె తమ్ముడే ఈ మామ. నన్ను పెంచింది ఆయనా అత్తానే. రొయ్యల గుంటల దగ్గర మోటార్లు బాగుచేసేవాడు. పెళ్ళైన కొత్తలో నాయుడుపేటలో ఎవరి దగ్గరో పాత రీలు కెమెరా కొన్నాడు. నేను కడుపులో ఉండగా అమ్మ కాన్పుకని పుట్టింటికొచ్చిన రోజులవి. స్టూడియోలో తీయించిన అమ్మ పెళ్ళి ఫోటో ఒకటి ఉంది గానీ, అందులో అమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుని ఎవరో పరాయి మనిషిలా ఉంటుంది. ఇక మిగిలినవన్నీ మామ తీసినవే.

అంత చెడ్డగా ఫోటోలు తీసే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. రెడీ అనడు, నవ్వమనడు. సముద్రపు గాలికి పాడైపోతుందని కెమెరాను బియ్యం డబ్బాలో దాచేవాడు, దాంతో ఏ ఫోటో చూసినా పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు. బంధువుల పెళ్ళికి పోయి పెళ్ళికొడుకును మెడదాకానే ఫోటో తీసుకొచ్చాడొకసారి. "తల ఏది మామా?" అని అడిగితే ఏమాత్రం తగ్గలేదు. "తల రోజూ చూసేదే గదా. ఆ చెప్పులు చూడు, ఎవురివో ఏసుకోని వచ్చినాడు" అన్నాడు. నిజమే, మడమలు రెండూ బయటే ఉన్నాయి. ఆ పెళ్ళిలో మంచి కెమెరాతో తీసిన ఆల్బం ఏమైందో తెలియదు గానీ, ఆ చెప్పుల ఫోటో చూసి మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

అమ్మ ఫోటోల దగ్గర మాత్రం నాకు నవ్వొచ్చేది కాదు. ఒక్కదాంట్లోనూ ఆమె పూర్తిగా లేదు. ఒకదాంట్లో సగం ముఖం, జడ. ఇంకోదాంట్లో భుజం, ఎత్తుగా పొట్ట, అందులో నేను. చిన్నప్పుడు వాటిని ముందేసుకుని అలిగేదాన్ని. మామ పక్కన కూర్చుని ఒక్కో ఫోటోకూ మాటలు చెప్పేవాడు. "ఇక్కడ మీ అమ్మ, ఒరే, ఎండకి కళ్ళు తిరగతుండాయి, బిన్నా తియ్, ఎంతసేపు అంటా ఉండాది. ఇక్కడేమో పులుసులో ఉప్పెక్కువైందని మా అమ్మను ఏడిపిస్తా ఉండాది." అమ్మ గొంతు నాకు అలా తెలిసింది. సరిగ్గా ఎందుకు రాలేదంటే, "మీ అమ్మ ఒకచోట నిలబడే మనిషా? కుదురు లేదు" అనేవాడు. నన్నెవరైనా కుదురు లేనిదానివని తిడితే, అమ్మ పోలిక వచ్చిందని లోపల మురిసిపోయేదాన్ని.

పెద్దయ్యాక ఆ ఫోటోలంటే ఇష్టం పుట్టింది. "నిలబెట్టి తీస్తే ముఖం వస్తాది, మనిషి రాదు" అని మామ అనే మాట సాకు కాదనిపించింది. ఈ మధ్య నా ఫోనులో మసకగా వచ్చినవి తీసేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "తుడపబాక. ఈ మసకలో ఎవురో పరిగెత్తతా ఉండారు, చూడు." చూస్తే మా పాప, పీతను చూసి బెదిరి అలల్లోంచి పరిగెత్తుకొస్తోంది.

మామ సమాధి అయ్యాక ఇంటివాళ్ళ ఓదార్పు కోసం పెట్టిన ఆదరణ కూడిక అయిపోయి, పాస్టరు గారూ బంధువులూ వెళ్ళిపోయాక, మధ్యాహ్నం అత్తా నేనూ చాప మీద మిగిలాం. నా పెళ్ళప్పుడు మామ నా చేతిలో పెట్టిన ఆ ఫోటోలు బ్యాగులోంచి తీశాను. "ఇక వీటి సంగతులు నాకెవరు చెప్తారు అత్తా? అమ్మకి కుదురు లేదని కూడా మామ చెప్తేనే తెలిసింది" అని ఏడ్చేశాను.

అత్త ఒకటి తీసుకుని, చెయ్యి చాపి దూరంగా పెట్టి చూసింది. ఆ రోజు మొదటిసారి ఆమె ముఖంలో నవ్వు కనిపించింది.

"మీ అమ్మకా కుదురు లేంది? గుంజ మాదిరి నిలబడేది. కెమెరా తిప్పింది మీ మామ."

"ఎందుకు?"

ఫోటోలో రెండో కొసన వంటింటి వాకిలి ఉంది. ఆ చీకట్లో మసక మరక ఒకటి. దాని మీద వేలు పెట్టింది. "ఇది నేను."

కొత్తగా కాపురానికొచ్చిన రోజులట. పొద్దస్తమానం మామ వాళ్ళ నాన్న, మా తాత, వసారాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆయన ఎదుట పెళ్ళాన్ని పిలిచి ఫోటో తీసే ధైర్యం మామకెక్కడిది? అందుకని "అక్కా, నీ ఫోటో తీస్తా రా" అని అమ్మను వాకిట్లో నిలబెట్టి, నొక్కేటప్పుడు వంటింటి వైపు తిప్పేవాడు. అమ్మకు అంతా తెలుసు. నిండు నెలలతో ఎండలో నిలబడేది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అత్త ఆ ఫోటోను పైటకొంగుతో తుడిచింది. "చిన్నప్పుడు వాటిని కడుపుకి కరుచుకోని పడుకుంటివి. ఆ బిడ్డకి అమ్మ ఇంతే మిగిలింది, అవి నావని ఎప్పుడూ అనబాకని మీ మామ నాతో అన్నాడు. నేనూ అనలా."

వాళ్ళ కొత్త కాపురానికి మిగిలిన ఫోటోలు అవే. వాటిని ఇద్దరూ నాకిచ్చేసి, ఇచ్చినట్టు కూడా చెప్పలేదు. మా మామ ఎలాంటి మనిషని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది ఇదొక్కటే. అన్నీ తీసుకోమని అత్త ఒళ్ళో పెట్టాను. ఒప్పుకోలేదు. ఒక్కటైనా తీసుకోమని బతిమాలితే, అన్నీ తిరగేసి, అమ్మ మోచెయ్యి తప్ప ఏమీ కనపడని ఫోటో ఏరుకుంది.

"ఇందులో మీ అమ్మ కొంచెమే ఉండాది" అంది. "నీకు లోటుండదు."

మిగిలినవి ఇంటికి తెచ్చుకుని మళ్ళీ చూశాను. సగం ముఖంతో అమ్మ ఎక్కడికో పోబోతున్నట్టు ఇన్నాళ్ళూ అనుకున్నాను. పోవడం లేదు. ఉన్నచోటే నిలబడి, ఓరకంట వసారా వైపు వాళ్ళ నాన్నను కనిపెడుతూ, పెదాలు బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది.